పబ్‌మెడ్‌లో ఏ ఫీల్డ్‌లో వెతకాలి: ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్ల కోసం ఒక పోలిక

బరంపురంలో పీజీ చదివే పిల్లలు, గుణుపురం, రాయగడ వైపు నర్సింగ్ చేస్తున్నవాళ్లు, సిరోంచ చుట్టుపక్కల ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, వైద్య పరిశోధన వ్యాసాలను వెతికే పబ్‌మెడ్ అనే సైటు తెరవగానే చేసే పని ఒక్కటే. జబ్బు పేరు, జిల్లా పేరు పక్కపక్కన కొట్టి ఎంటర్ నొక్కుతారు. ఒకోసారి వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఒకోసారి రెండో మూడో వచ్చి ఆగిపోతాయి. అది చూసి "మన జిల్లా మీద ఎవరూ ఏమీ రాయలేదు" అని థీసిస్‌లో రాసేసినవాళ్లు ఉన్నారు. రాశారు, చాలానే రాశారు. వీళ్లు వెతికిన చోట అవి లేవు, అంతే.

పబ్‌మెడ్‌లో ప్రతి వ్యాసానికీ ఒక రికార్డు ఉంటుంది. ఆ రికార్డు ఒక జాబు లాంటిది. లోపల రాసిన విషయం వేరు, కవరు మీద పంపినవారి చిరునామా వేరు, దాన్ని ఏ గూట్లో వేయాలో పోస్టాఫీసువాళ్లు పెట్టిన గుర్తు వేరు. విషయం అంటే శీర్షిక, సారాంశం. చిరునామా అంటే రచయితల పేర్లు, వాళ్లు పనిచేసే సంస్థలు. గుర్తు అంటే మెష్ పదాలు, వ్యాసం దేని గురించో చెప్పడానికి ఒకే పట్టిక నుంచి తీసి వేసే పదాలు. రికార్డులోని ఇలాంటి ఒక్కో భాగాన్ని ఫీల్డ్ అంటారు. ఏ ఫీల్డ్ మంచిది అని అడిగితే జవాబు లేదు. మీకు కావలసిన మాట ఈ మూడింటిలో ఎక్కడ రాసి ఉంటుందో ముందు అడగాలి. మన సరిహద్దు జిల్లాల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. జబ్బు పడేది ఒక ఊళ్లో, వైద్యం జరిగేది ఇంకో ఊళ్లో, వ్యాసం రాసే డాక్టరు ఉండేది మూడో ఊళ్లో.

ముందుగా రెండు మాటలు. పబ్‌మెడ్‌ను నడిపేది అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. 1996లో మొదలైంది, ఇప్పుడు అందులో 3.7 కోట్లకు పైగా రికార్డులున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ మీరు వెతుకుతున్నది వ్యాసం మొత్తాన్ని కాదు, దాని రికార్డును మాత్రమే. ఈ సంగతి తెలియక జరిగే నష్టం ఇంతా అంతా కాదు. ఫీల్డ్ ట్యాగ్ అంటే మాట పక్కన చదరపు బ్రాకెట్లో పెట్టే ఇంగ్లిషు పొట్టి అక్షరాలు. ఇక్కడ వాటిని తెలుగులో రాస్తున్నాను. పెట్టెలో కొట్టేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలే కొట్టాలి. టిఐ అంటే శీర్షిక ఒక్కటే. టిఐఏబి అంటే శీర్షిక, సారాంశం, రచయితలిచ్చిన కీవర్డులు. ఎంహెచ్ అంటే మెష్ పదం. ఏడి అంటే చిరునామా. ఏయూ అంటే రచయిత. పిటి అంటే వ్యాసం రకం. డిపి అంటే అచ్చైన తేదీ.

ట్యాగ్ లేకుండా వెతకడమా, పెట్టి వెతకడమా

ట్యాగ్ లేకుండా కొడితే పబ్‌మెడ్ మీ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు తీసుకోదు. ముందు మెష్ పదాల పట్టికలో చూస్తుంది, తర్వాత పత్రికల పేర్లలో, ఆ తర్వాత రచయితల పేర్లలో చూస్తుంది. ఎక్కడ కుదిరితే అక్కడికి మళ్లిస్తుంది. సికిల్ సెల్ అనీమియా అని కొట్టారనుకోండి. అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి, హిస్టరీలో ఆ వెతుకులాట పక్కనున్న డీటెయిల్స్ బాణం నొక్కండి. మీరు కొట్టిన మూడు మాటలు అక్కడ పెద్ద వాక్యమై కనిపిస్తాయి. "అనీమియా, సికిల్ సెల్" అన్న మెష్ పదం ఒకటి, మూడు మాటలూ విడివిడిగా ఏ ఫీల్డ్‌లో ఉన్నా సరే అన్నది ఒకటి, మూడూ కలిపి ఒకే పదబంధంగా ఇంకొకటి. వీటన్నిటినీ ఆర్‌తో, అంటే ఏ ఒక్కటి ఉన్నా సరేనని, కలిపి తెస్తుంది. మందుల పేర్లలోనూ ఇంతే. బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికన్ స్పెల్లింగ్ తేడాలు కూడా అదే సర్దుకుంటుంది.

విషయం మీకు కొత్తదైతే ఇలా మొదలుపెట్టడమే మంచిదంటాను. తప్పేమీ లేదు. కానీ ఆ డీటెయిల్స్ చదవకుండా ముందుకు పోవద్దు. పబ్‌మెడ్ మీ మాటను ఎలా అర్థం చేసుకుందో రాసిపెట్టే చోటు అదొక్కటే. అక్కడ మీకు తెలియని మెష్ పదం కనబడితే కాగితం మీద రాసుకోండి, రేపటికి పనికొస్తుంది.

కొటేషన్ గుర్తులు పెట్టినా, నక్షత్రం గుర్తుతో మాటను కత్తిరించినా, ట్యాగ్ తగిలించినా ఈ మళ్లింపు ఆగిపోతుంది. మీరు కొట్టిందే వెతుకుతుంది. బాధ్యత అక్కడి నుంచి మీది. అనీమియాను అమెరికన్ స్పెల్లింగ్‌లో కొట్టి టిఐఏబి పెడితే బ్రిటిష్ స్పెల్లింగ్‌లో రాసిన వ్యాసాలు రావు. మన దేశపు పత్రికలు చాలావరకు బ్రిటిష్ స్పెల్లింగే వాడతాయి కాబట్టి మనకు కావలసినవే పోతాయి. అందుకే ట్యాగ్ పెట్టినప్పుడు రెండు స్పెల్లింగులూ ఆర్‌తో కలపాలి. నక్షత్రం వాడుకోవచ్చు, దాని ముందు కనీసం నాలుగక్షరాలుండాలి.

మెష్ పదమా, సారాంశంలోని మాటా

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సికిల్ సెల్‌నే తీసుకుందాం. కోరాపుట్ నుంచి గడ్చిరోలి దాకా మన గిరిజన ఊళ్లలో ఈ జబ్బు తెలియని ఇల్లు తక్కువ. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టాక, స్క్రీనింగ్ చేసే ప్రతి కార్యకర్తకూ దీని మీద చదవాల్సిన పని పడింది.

మెష్ పదం వల్ల లాభం ఏమిటంటే, రచయిత ఏ మాట వాడినా అర్థం ఒకటైతే ఒకే గూట్లోకి వస్తుంది. హైడ్రాక్సీయూరియా అని ఒకరు రాస్తారు, హైడ్రాక్సీకార్బమైడ్ అని ఇంకొకరు రాస్తారు. మందు ఒక్కటే. హైడ్రాక్సీయూరియా అన్న మెష్ పదంతో వెతికితే రెండూ వస్తాయి. టిఐఏబితో వెతికితే రెండు పేర్లూ మీరే కొట్టాలి. ఒకటి మరిచిపోతే ఆ పేరుతో రాసినవాళ్ల పనంతా మీకు లేనట్టే.

మెష్ పదాలు చెట్టు కొమ్మల్లా కిందికి విస్తరిస్తాయి. పై పదంతో వెతికితే కింది పదాలు వాటంతట అవే కలుస్తాయి. "అనీమియా, సికిల్ సెల్" అని అడిగితే సికిల్ సెల్ ట్రెయిట్, హీమోగ్లోబిన్ ఎస్‌సి జబ్బు కూడా వచ్చేస్తాయి. స్క్రీనింగ్ మీద చదివేవాళ్లకు ఇది వరం, ఎందుకంటే జబ్బు లేకుండా జన్యువు మాత్రం మోసేవాళ్ల లెక్కలు కూడా వాళ్లకు కావాలి. వార్డులో నొప్పితో వచ్చిన రోగి గురించి చదివేవాళ్లకు అవి అక్కర్లేదు. వాళ్లు ఎంహెచ్ తర్వాత కోలన్ పెట్టి నోఎక్స్‌ప్ అని కలిపితే కింది కొమ్మలు ఆగిపోతాయి. ఇంకా బిగించాలంటే ఉపశీర్షికలున్నాయి. మెష్ పదం తర్వాత వాలు గీత (/) పెట్టి డ్రగ్ థెరపీ అనో ఎపిడెమియాలజీ అనో కలపవచ్చు. వైద్యం మీద చదివేవాళ్లు, లెక్కల మీద చదివేవాళ్లు అక్కడే విడిపోతారు.

ఇంత బాగున్నప్పుడు మెష్ ఒక్కటీ చాలదా అంటే, చాలదు. మెష్ పదాలు వేసేది మెడ్‌లైన్ అనే భాగంలోని పత్రికలకే. పబ్‌మెడ్‌లో కనబడే ప్రతి వ్యాసమూ మెడ్‌లైన్‌లోది కాదు. పూర్తి వ్యాసాలను దాచే పిఎంసి ద్వారా మాత్రమే పబ్‌మెడ్‌లోకి వచ్చే పత్రికలు బోలెడున్నాయి. క్యూరియస్ అలాంటిదే, జర్నల్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ అండ్ ప్రైమరీ కేర్ అలాంటిదే. మన వైపు జిల్లా ఆసుపత్రుల నుంచీ మెడికల్ కాలేజీల నుంచీ వచ్చే పని చాలావరకు ఇలాంటి పత్రికల్లోనే అచ్చవుతుంది. మెష్‌తో మాత్రమే వెతికినవాళ్లకు అదంతా కనబడదు. పెద్ద దేశాల పని దొరుకుతుంది, మన పక్క ఊరి పని దొరకదు. నాకు ఇది చాలా బాధ కలిగించే సంగతి.

ఇంకోటి, ఆలస్యం. పూర్వం మనుషులే చదివి మెష్ పదాలు వేసేవారు, వారాలూ నెలలూ పట్టేది. 2022 నుంచి మెడ్‌లైన్‌లో ఆ పని యంత్రంతో జరుగుతోంది, కాబట్టి ఆలస్యం బాగా తగ్గింది. అయినా ఈ వారం వచ్చిన వ్యాసం కావాలంటే టిఐఏబినే నమ్ముకోవాలి.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. థీసిస్‌కో, సమీక్షకో వెతుకుతుంటే ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవద్దు. ప్రతి భావానికీ మెష్ పదం ఒకటి, టిఐఏబి మాటలు కొన్ని ఆర్‌తో కలిపి ఒక బ్రాకెట్లో పెట్టండి. చూడ్డానికి ఇలా ఉంటుంది:

("అనీమియా, సికిల్ సెల్" [ఎంహెచ్] ఆర్ "సికిల్ సెల్" [టిఐఏబి] ఆర్ సికిల్‌* [టిఐఏబి])

ఇలాంటి బ్రాకెట్ ఒకటి జబ్బుకు, ఒకటి మందుకు, ఒకటి ఊరికి కట్టి, వాటి మధ్య యాండ్ పెట్టండి, అంటే అన్నీ ఉండాలని. ఆర్, యాండ్, నాట్ మూడూ ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి. బ్రాకెట్లు లేకపోతే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా చదువుకుంటూ పోతుంది, అర్థం తారుమారవుతుంది.

మెష్‌లో సరైన పదమే లేని సందర్భాలూ ఉంటాయి. 2016లో మల్కన్‌గిరిలో పసిపిల్లలు మెదడువాపుతో చనిపోయినప్పుడు జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో పాటు కసింద గింజల విషం గురించి కూడా చర్చ జరిగింది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు మెష్ పదం ఉంది, దాంతో పని సులువు. కసింద అలా కాదు. కొందరు కేసియా ఆక్సిడెంటాలిస్ అని రాస్తారు, కొందరు సెన్నా ఆక్సిడెంటాలిస్ అంటారు, ఒడియా పేరు బణ చకుండా అని రాసేవారూ ఉన్నారు. అక్కడ టిఐఏబిలో మూడు పేర్లూ కొట్టడమే దారి.

శీర్షిక ఒక్కదానిలోనా, సారాంశంలో కూడానా

టిఐ ట్యాగ్ వేగమైనది. వచ్చినవి కొద్దే అయినా అన్నీ పనికొచ్చేవే. కానీ దాని మీద పూర్తిగా ఆధారపడవద్దని చెప్పడానికి గడ్చిరోలి నుంచే ఉదాహరణ ఉంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల బృందం ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ మీద చేసిన అధ్యయనం 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ప్రపంచమంతా చెప్పుకునే పని అది. 39 ఊళ్లలో ఆ సేవ ఇచ్చి, 47 ఊళ్లతో పోల్చారు. ఆ వ్యాసం శీర్షికలో గ్రామీణ భారతం అని ఉంది కానీ గడ్చిరోలి అని లేదు. జిల్లా పేరు సారాంశంలో ఉంది. గడ్చిరోలికి టిఐ పెట్టినవాళ్లకు ఆ జిల్లా నుంచి వచ్చిన అంత ముఖ్యమైన వ్యాసం దొరకదు, టిఐఏబి పెట్టినవాళ్లకు దొరుకుతుంది. అదే బృందం 1990లో న్యుమోనియా మరణాల మీద లాన్సెట్‌లో రాసిన వ్యాసానికి మాత్రం శీర్షికలోనే గడ్చిరోలి ఉంది. ఒకే ఊరు, ఒకే పత్రిక, ఒకే బృందం అయినా ఫీల్డ్ మారితే ఫలితం మారిపోతుంది.

డ్యూటీ మధ్యలో తొందరగా ఒక మంచి వ్యాసం చదవాలంటే జబ్బు పేరుకు టిఐ పెట్టండి. ఊరి పేరుకు ఎప్పుడూ పెట్టవద్దు.

ఊరి పేరు: అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన చోటు

ఊరి పేరుతో వెతికేవాళ్లకు నాలుగు దారులు కనిపిస్తాయి. చిరునామా ఫీల్డ్ ఏడి, టిఐఏబి, ఇండియా అన్న మెష్ పదం, పత్రిక అచ్చయ్యే దేశాన్ని చెప్పే పిఎల్. చివరిదాన్ని ముందే పక్కన పెట్టేయండి. పిఎల్‌లో ఇండియా అని కొడితే ఇండియాలో అచ్చయ్యే పత్రికలే వస్తాయి. ఇందాక చెప్పిన గడ్చిరోలి వ్యాసాలు లాన్సెట్‌లో వచ్చాయి, ఆ పత్రిక ఇంగ్లండ్‌ది. అధ్యయనం ఎక్కడ జరిగిందో పిఎల్‌కు ఏమీ తెలియదు.

ఏడి ఫీల్డ్ చెప్పేది రచయిత ఎక్కడ కూర్చుని రాశాడనే. రోగి ఎక్కడివాడో కాదు. రాయగడ, గుణుపురం వైపు వాళ్లు పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నం పోతారు. పర్లాకిమిడి వాళ్లు బరంపురమో శ్రీకాకుళమో పోతారు. సిరోంచ వాళ్లు గోదావరి దాటి వరంగల్ పోతారు, లేదా నాగపూర్ పోతారు. కలరా, మలేరియా మీద అధ్యయనాలు చేసేవాళ్లలో చాలామంది భువనేశ్వర్ నుంచి వస్తారు. 2007లో రాయగడ, కోరాపుట్ గిరిజన ప్రాంతాల్లో కలరా వచ్చినప్పుడు దాని క్రిముల మీద పరిశోధన జరిగింది భువనేశ్వర్‌లోనే. రాయగడకు ఏడి పెట్టి వెతికితే ఈ పనులేవీ రావు.

తిరగేసి చూస్తే ఇంకో చిక్కు. గజపతి జిల్లా గురించి కావాలని గజపతి అని ట్యాగ్ లేకుండా కొట్టి చూడండి. బరంపురం మెడికల్ కాలేజీ పూర్తి పేరు మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజీ, పర్లాకిమిడి మహారాజు పేరు. ఆ కాలేజీ ఉన్నది గంజాం జిల్లాలో. చిరునామాలో పూర్తి పేరు రాసుకున్న ప్రతి డాక్టరు వ్యాసమూ గజపతి అన్న మాటకు తగులుతుంది, విషయం గుండెజబ్బైనా కంటి శుక్లాలైనా సరే. గజపతి అని పేరున్న రచయితలు కూడా వచ్చి చేరతారు. టిఐఏబి పెడితే ఈ గొడవంతా పోతుంది.

మరి ఏడి ఎప్పుడు వాడాలి? ఫలానా కాలేజీ నుంచి ఏం పని వస్తోందో చూడాలన్నప్పుడు, గైడ్‌ను వెతుక్కునేటప్పుడు, మీ విషయం మీద దగ్గర్లో ఎవరు పనిచేస్తున్నారో తెలుసుకోవాలన్నప్పుడు. అప్పుడూ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 1988 నుంచి 2013 దాకా రికార్డుల్లో మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఉండేది, రెండో మూడో పేరుగా ఉన్న మన డాక్టర్ల ఊళ్లు అందులో లేవు. 2014 తర్వాత అందరి చిరునామాలూ ఉన్నాయి కానీ, బెర్హంపూర్‌కు ఏడి, ఒడిశాకు ఏడి పెట్టి యాండ్‌తో కలిపితే ఆ రెండు మాటలూ ఒకే రచయిత చిరునామాలో ఉండాలన్న నియమం లేదు. బెంగాల్ ముర్షీదాబాద్ జిల్లాలోనూ బెర్హంపూర్ ఉంది. ఒక రచయిత అక్కడివాడు, ఇంకొకరు భువనేశ్వర్ వాళ్లు అయితే ఆ వ్యాసమూ మీ ముందుకు వస్తుంది. దీనికి మందు దగ్గరి మాటల వెతుకులాట. రెండు మాటల్నీ కలిపి కొటేషన్లో పెట్టి, ఏడి తర్వాత కోలన్, అలల గీత, ఒక అంకె పెడితే, ఆ మాటల మధ్య అంతకు మించి దూరం లేనివే వస్తాయి. టిఐ, టిఐఏబి ఫీల్డులకు కూడా ఇది పనిచేస్తుంది.

ఇక పేర్ల స్పెల్లింగులు. రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా నుంచి ఒడిశాగా మారింది. అంతకు ముందు వ్యాసాలన్నిటిలో ఒరిస్సాయే, ఆ తర్వాత కూడా పాత అలవాటుతో రాసినవాళ్లున్నారు. రెండూ ఆర్‌తో కొట్టడం తప్పనిసరి. మనం బరంపురం అనే ఊరు ఇంగ్లిషులో బెర్హంపూర్‌గానూ బ్రహ్మపుర్‌గానూ కనిపిస్తుంది. పర్లాకిమిడికి పరలఖెముండి, పర్లాఖెముండి, పర్లాకిమిడి అని రకరకాలుగా రాస్తారు, అన్నీ కలపండి.

జిల్లాల చరిత్ర తెలియకపోతే పాత వ్యాసాలు దొరకవు. రాయగడ, మల్కన్‌గిరి, నబరంగ్‌పూర్ 1992 దాకా కోరాపుట్‌లో భాగాలే. గజపతి అప్పటిదాకా గంజాంలో ఉంది. గడ్చిరోలి 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయింది, చంద్రపూర్ పాత పేరు చాందా. 1985 నాటి గుణుపురం మలేరియా గురించి కావాలంటే కోరాపుట్ అని కొట్టాలి, 1975 నాటి సిరోంచ గురించి చంద్రపూర్, చాందా రెండూ కొట్టాలి. ఇంకా వెనక్కి, 1936లో ఒడిశా ఏర్పడక ముందు, కోరాపుట్ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీ కింద ఉండేవి. జయపురం కొండల మలేరియా మీద ఆ కాలంలోనే పేరున్న పరిశోధన జరిగింది. మెడ్‌లైన్ రికార్డులు 1946 నుంచే మొదలవుతాయి. అయితే ఇండియన్ మెడికల్ గెజెట్ పాత సంపుటాలను స్కాన్ చేసి పిఎంసిలో పెట్టారు. వాటికి సారాంశాలుండవు కాబట్టి టిఐఏబి అక్కడ శీర్షికను మాత్రమే పట్టుకుంటుంది.

ఇండియా అన్న మెష్ పదం జిల్లా స్థాయిలో పనికిరాదు. ఒడిశా పేరు గానీ మన జిల్లాల పేర్లు గానీ మెష్‌లో వెతికి లాభం లేదు, అవన్నీ ఇండియా కిందికే పోతాయి. దేశం మొత్తం మీద అధ్యయనాలు కావాలన్నప్పుడు దాన్ని వాడుకోండి.

వీటన్నిటి మీద నేను ఎంచుకునేది టిఐఏబినే. ఊరి పేరు అన్ని స్పెల్లింగుల్లో, ఆనాటి పాత జిల్లా పేరుతో సహా. అలా రాకపోతే తర్వాతి మెట్టు పబ్‌మెడ్ కాదు, పిఎంసి. గ్రామాల పేర్లు, బ్లాకుల పేర్లు సారాంశంలోకి ఎక్కవు. అవి వ్యాసం లోపల, పద్ధతులు చెప్పే భాగంలో ఉంటాయి. కాశీపూర్ బ్లాకు, అహేరి తాలూకా లాంటి పేర్లతో వెతకాలంటే పూర్తి పాఠాన్ని చూసే పిఎంసికే పోవాలి. గూగుల్ స్కాలర్ కూడా పూర్తి పాఠం చూస్తుంది, పిఎంసిలో లేని పత్రికల్నీ తెస్తుంది. కానీ ఒక వెతుకులాటకు 1000 ఫలితాల కన్నా ఎక్కువ చూపదు, మెష్ లాంటిదేమీ లేదు, మీరు ఎలా వెతికారో థీసిస్‌లో రాస్తే ఇంకొకరు అదే చేసి అవే ఫలితాలు తెచ్చుకోలేరు. మొదటి పరిచయానికి, చివర్లో ఏమైనా తప్పిపోయిందా అని చూసుకోవడానికి అది చాలు.

రచయిత పేరు

ఏయూ ఫీల్డ్‌లో ఇంటిపేరు ముందు, పొట్టి అక్షరాలు తర్వాత. బంగ్ ఏటి అన్నట్టు. ఉత్తరాది, ఒడియా పేర్లకు ఇది చక్కగా కుదురుతుంది. తెలుగు పేర్లకే చిక్కు. మనకు ఇంటిపేరు పొట్టి అక్షరమైపోయి, అసలు పేరు చివర ఉంటుంది. కె.వి. రమణారావు అనే డాక్టరు ఉన్నారనుకోండి. ఒక పత్రిక ఆయన్ను రావు కెవిఆర్ అంటుంది, ఇంకోటి రమణారావు కెవి అంటుంది, ఇంటిపేరు విడదీసి రాసిన చోట మూడో రూపం వస్తుంది. పబ్‌మెడ్ పట్టికలో పొట్టి అక్షరాలు రెండే ఉంచుతారు కాబట్టి కెవిఆర్ కూడా కెవి అవుతుంది. రావు కె అని కొడితే కె తర్వాత ఏ అక్షరం ఉన్న రావు అయినా వస్తాడు, అది ఆపాలంటే కొటేషన్ పెట్టాలి. పూర్తి పేర్లతో వెతకడం 2002 తర్వాత వ్యాసాలకే కుదురుతుంది.

అందుకని తెలుగు రచయితలకు ఏయూ ఒక్కటీ పెట్టవద్దు. ఏయూతో పాటు విషయం మాటో, ఏడి ఫీల్డ్‌లో ఊరి పేరో కలపండి. మీరే వ్యాసాలు రాయడం మొదలుపెట్టినవాళ్లైతే ఒకే రూపం ఎంచుకుని జీవితాంతం దానికే కట్టుబడండి, ఆర్కిడ్ నంబరు, అంటే పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు నంబరు, తీసుకోండి. మీ పని మీ పేరు మీద దొరకాలి.

మిగతావి

డిపి తేదీ మామూలు పనికి చాలు. 2015 కోలన్ 2024 అని కొట్టి డిపి పెడితే ఆ ఏళ్లవి వస్తాయి. పిటి ఫీల్డ్‌లో రివ్యూ, కేస్ రిపోర్ట్స్, రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్ లాంటివి పెట్టుకోవచ్చు. ఇవి కూడా మెష్ పదాల్లాగే గుర్తులే, కొత్త వ్యాసాలకూ మెడ్‌లైన్ బయటి వ్యాసాలకూ సరిగా పడకపోవచ్చు. చదవడానికి ఏదైనా ఒకటి కావాలంటే వాడండి, సమీక్షకు మొత్తం పోగు చేసేటప్పుడు వాడవద్దు.

ఫలానా మాట ఉన్నవి వద్దని చెప్పే నాట్‌తో మాత్రం జాగ్రత్త. కోరాపుట్‌లో ఆంత్రాక్స్ పశువుల నుంచి మనుషులకు సోకుతుంది, అక్కడి వ్యాసాల్లో రెండూ ఉంటాయి. జంతువుల వ్యాసాలు వద్దని నాట్ యానిమల్స్ అంటే మనుషుల గురించిన వ్యాసాలూ పోతాయి. యానిమల్స్ నాట్ హ్యూమన్స్ అన్నది ముందు బ్రాకెట్లో పెట్టి, దాన్ని నాట్ చేయాలి. అప్పుడు జంతువుల మీద మాత్రమే చేసినవి తప్పుకుంటాయి.

ఎవరికి ఏది

గుణుపురంలో పనిచేసే ఒక చెల్లి అడిగింది: "అన్నా, నాకు డ్యూటీలో పది నిమిషాలే దొరుకుతాయి. ఈ బ్రాకెట్లన్నీ కట్టుకోగలనా?" అక్కర్లేదమ్మా అన్నాను. జబ్బు పేరుకు టిఐ, మందు పేరుకు టిఐఏబి, పక్కనున్న ఫ్రీ ఫుల్ టెక్స్ట్ బటన్. సికిల్ సెల్ పిల్లవాడికి హైడ్రాక్సీయూరియా గురించి చదవాలంటే ఈ మూడూ చాలు. ఊరి పేరుతో ఆమెకు పనిలేదు.

ఊళ్లు తిరిగే కార్యకర్తకు ఊరే ముఖ్యం. జిల్లా పేరు అన్ని రూపాల్లో టిఐఏబి, జబ్బు పేరు ట్యాగ్ లేకుండా, ఆ తర్వాత బ్లాకు పేరుతో పిఎంసి. ఈ వరసలో పోతే సంస్థ కోసం రాసే నివేదికకు కావలసినవి దొరుకుతాయి.

థీసిస్ రాసేవాళ్లకు సగం దారి లేదు. మెష్, టిఐఏబి రెండూ కలిపిన బ్రాకెట్లు కట్టాలి. ఆ వెతుకులాటను ఒక ఫైల్లో తేదీతో సహా అక్షరం పొల్లుపోకుండా దాచుకోవాలి. మై ఎన్‌సిబిఐ ఖాతా తెరిచి దాన్ని అక్కడ భద్రపరిస్తే కొత్త వ్యాసాలు వచ్చినప్పుడు మెయిల్ వస్తుంది. పూర్తి వ్యాసం డబ్బు కట్టందే రాదని ఆగిపోవద్దు. 2014 తర్వాత రికార్డుల్లో చాలావాటికి చిరునామా చివర రచయిత ఈమెయిల్ ఉంటుంది. మీరు ఏ జిల్లా నుంచి, ఏ పని మీద చదువుతున్నారో రెండు వాక్యాల్లో రాసి అడగండి.